పాత గాలపు రీళ్లు – పట్టు విడుపుల చరిత్ర

రీలు అను మాట విన్నంతనే ఒక్కొక్కరికి ఒక్కొక్క వస్తువు తోచును. కుట్టుపని చేయు ఇల్లాలికి దారపు రీలు, సినిమా ప్రియులకు ఫిల్ము రీలు జ్ఞప్తికి వచ్చును. పాత రేడియో పెట్టెను విప్పి చూచినవారికి, మీటను త్రిప్పినప్పుడు స్టేషన్ల ముల్లును అటునిటు నడపు సన్నని త్రాడును, ఆ త్రాడు చుట్టుకొను చిన్న చక్రమును మనసున మెదలును. నేడు మేము చెప్పబూనినది మరియొక రీలును గూర్చి. మహాసముద్రమున మనిషి కంటె ఐదారు రెట్లు బరువుగల చేపను ఒంటరిగా ఒక్క మనుష్యుడు ఒక్క త్రాటితో పట్టుటకై నిర్మింపబడిన గాలపు రీలు అది. దాని చరిత్ర నూటపాతికేండ్లకు కొంచెము మించినది మాత్రమే. అయినను ఆ స్వల్పకాలములో తయారైన పాత రీళ్లను వెదకి, కొని, తుడిచి, భద్రపరచి, వానిని గూర్చి గ్రంథములు వ్రాయు వారు పాశ్చాత్యదేశములలో నేడు వందల సంఖ్యలో ఉన్నారు.

పర్చూరు వంటి మెట్టయూరిలో కూర్చుండి సముద్రపు గాలములను గూర్చి చెప్పుట ఏల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. మా ఊరు నల్లరేగడి నేలల ఊరు. ప్రత్తియు, మిరపయు మా బ్రదుకు. పూర్వము గుంటూరు జిల్లాలో నుండి, 1970లో ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన జిల్లాకు మారి, 2022లో బాపట్ల జిల్లాలో చేరినను, ఊరి నేల మారలేదు, పంట మారలేదు. ఇచ్చట నిలుచుండిన సముద్రము కనబడదు. కాని ఆగ్నేయముగా చీరాల దాటి ఓడరేవు చేరుటకు పాతిక కిలోమీటర్ల దూరము మాత్రమే. చేలలోని ప్రత్తి నూలయ్యెను. నూలు చీరాల నేతగాని కండె మీదకు ఎక్కెను. నూలుత్రాడు తీరమున వలయు, గాలపు త్రాడు నయ్యెను. ఆ విధముగా చూచినచో గాలపు రీలు మనకు పరాయిది కాదు. అది మన రాట్నమునకు దూరపు చుట్టము.

రీలు యనగా పోగును చుట్టియుంచు కండె, దానిని త్రిప్పు పిడి, రెండింటిని పట్టియుంచు చట్రము. ఇంతే. దీని పుట్టుక మిక్కిలి ప్రాచీనమైనది. చైనా దేశపు చిత్రకారుడు మాయువాన్ 1195వ సంవత్సర ప్రాంతమున రచించిన యొక చిత్రములో, శీతకాలపు సరస్సు మీద చిన్న పడవలో ఒంటరిగా కూర్చున్న జాలరి కలడు. అతని గాలపు కఱ్ఱకు చిన్న చక్రము అమర్పబడియున్నది. గాలపు రీలునకు మనకు దొరకిన మొదటి చిత్రరూప సాక్ష్యము అదియే. ఇంగ్లండులో 1651లో థామస్ బార్కర్ అను నతడు ప్రకటించిన గాలపు విద్యా గ్రంథములో ఇట్టి చక్రము ప్రస్తావింపబడినది. 1820 ప్రాంతమున అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున జార్జి స్నైడర్ అను గడియారపు పనివాడు, పిడి ఒక్కసారి తిరిగిన కండె పెక్కుసార్లు తిరుగునట్లు పండ్లచక్రములను కూర్చి రీలును చేసెను. గడియారము చేయు చేతులే రీలును చేయుట గమనింపదగినది. నాటి నుండి మంచి రీలు గడియారమువలె సన్నని పనితనముగల యంత్రమైనది.

అయితే అవి అన్నియు నదులలోని చేపలకు, ఒడ్డున దొరకు చేపలకు సరిపోయినవి. సముద్రమున తిరుగు భారీ ట్యూనాను, కొమ్ముచేపను రీలుతో పట్టవచ్చునని ఎవ్వరును తలంపలేదు. 1898 జూన్ 1వ తేదీన కాలిఫోర్నియా తీరమునకు ఎదురుగా నున్న కాటలీనా ద్వీపమున ఛార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు 183 పౌండ్ల ట్యూనాను, అనగా దాదాపు 83 కిలోల చేపను, కఱ్ఱయు రీలును చేతబూని పట్టెను. ఆ యేడే అచ్చట ట్యూనా క్లబ్బు స్థాపింపబడెను. అంతవరకు అచ్చటివారు పెద్ద చేపలను లావుపాటి త్రాళ్లతో చేతితో లాగివేయుచుండిరి. అది వేట కాదు, కోత యని క్లబ్బువారు భావించిరి. చేపకును తప్పించుకొను అవకాశము ఉండవలెనని, 24 పోగులకు మించిన త్రాడు వాడరాదని నియమము చేసికొనిరి. సన్నని త్రాడు, పెద్ద చేప. ఈ రెంటి నడుమ నున్న అగాధమును పూరించు భారము రీలు మీద పడినది.

ఆనాటి రీలు ఆ భారమును మోయలేకపోయెను. ఎందువలననగా, దాని పిడియు కండెయు విడదీయరాని జంట. చేప త్రాటిని లాగుకొని పరుగెత్తినప్పుడు కండె వెనుకకు తిరుగును; కండెతోపాటు పిడియు గిఱ్ఱున తిరుగును. పట్టువానికి చేయి తీయుటకు వ్యవధి ఉండదు. వ్రేళ్ల కణుపులు చితుకుట, ఎముకలు విరుగుట సామాన్యమై పోయెను. కండె వేగమును తగ్గించుటకు ఉన్న సాధనము ఒక్క తోలుముక్క. దానిని చట్రమునకు తగిలించి, బొటనవ్రేలితో తిరుగుచున్న త్రాటిపై అదిమిపట్టవలెను. అదిమినది ఎక్కువైన త్రాడు తెగును. తక్కువైన కండె మీది త్రాడంతయు చేపతోపాటు పోవును.

ఈ చిక్కు మన ఇల్లాండ్రకు తెలియనిది కాదు. నూతిలోనికి చేదను విడుచునప్పుడు చేదతాటిని బొత్తిగా వదలిన, గిలక మీద త్రాడు పరుగెత్తి అరచేయి కాలును. గట్టిగా పట్టిన, చేద దిగదు. త్రాడు జారుచుండవలెను గాని పరుగెత్తరాదు. చేతికి తెలిసిన ఈ విద్యను ఒక యంత్రమునకు నేర్పుట ఎట్లు? పెద్ద చేపల రీలు చరిత్ర యంతయు ఈ ఒక్క ప్రశ్నకు సమాధానము.

సమాధానమును ఆచరణలో చూపినవాడు విలియం బోషెన్. ఆయన కాటలీనాకు వచ్చుచుండిన వేటగాడు. బ్రూక్లిన్‌లో జూలియస్ వామ్ హోఫ్ అను రీళ్ల తయారీదారు ఉండెను. ఆయన సోదరుడు ఎడ్వర్డ్ వామ్ హోఫ్ న్యూయార్కులో అదే వృత్తిలో ప్రసిద్ధుడు. బోషెన్ ఊహను అనుసరించి జూలియస్ ఒక రీలును నిర్మించెను. 1913లో బోషెన్ ఆ రీలుతో 355 పౌండ్ల, అనగా దాదాపు 161 కిలోల కత్తిచేపను పట్టెను. కఱ్ఱతోను రీలుతోను పట్టుబడిన మొదటి కత్తిచేప యదియే.

ఆ రీలులోని రహస్యమును మాటలలో చెప్పవచ్చును. పిడికిని కండెకును నడుమ లోహపు బిళ్లలు, తోలుబిళ్లలు ఒకదానిపై ఒకటిగా పేర్చబడియుండును. పిడి క్రింద నక్షత్రాకారముగల యొక మర ఉండును. దానిని బిగించిన కొలది బిళ్లలు ఒండొంటిని అదుముకొనును. చేప మామూలుగా లాగినప్పుడు కండెయు పిడియు ఒక్కటిగనే ఉండును. చేప లాగుడు బిగింపును మించినప్పుడు బిళ్లలు ఒరసికొనుచు జారును. కండె తిరిగి త్రాటిని వదలును. పిడి మాత్రము కదలక చేతిలో నిలిచియుండును. చేప అలసి ఆగిన క్షణమున మరల పిడిని త్రిప్పి త్రాటిని రాబట్టవచ్చును. పట్టువిడుపులు తెలిసినవాడు అని మనము మనుష్యుని మెచ్చుకొందుము. ఆ గుణము ఇక్కడ ఇనుమునకును తోలునకును అలవడినది.

ఇందులో మరికొన్ని మెలకువలు కలవు. బిగింపును త్రాటి బలములో నాల్గవవంతునకో, మూడవవంతునకో ఉంచుట ఆచారము. అంత తక్కువ యేల? చేప త్రాటిని లాగుకొని పోయిన కొలది కండె మీది చుట్ట సన్నబడును. నిండుకండె మీద 10 కిలోల లాగుడునకు జారునట్లు అమర్చిన రీలు, చుట్ట అడ్డుకొలత సగమైనప్పుడు 20 కిలోల లాగుడు లేనిదే జారదు. మర నెవ్వరును ముట్టుకొనకయే బిగువు రెట్టింపగుచున్నదన్నమాట. దీనికితోడు నీటిలో సాగిన వందల గజముల త్రాటిని నీరే పట్టి నిలుపును. ఇక ఒరపిడి వలన పుట్టు వేడిమి ఒకటి. గంటల తరబడి సాగిన పోరులో తోలుబిళ్లలు మాడిపోవుట, రీలు చేతికి కాలుట జరుగుచుండెడివి. ఈ వేడిమిని భరించుటకే తరువాతి రీళ్లు పెద్దవై, బరువెక్కి, లోహమయములైనవి.

1920 తరువాత ఈ విద్యకు ప్రపంచమంతట ప్రచారము కల్పించినవాడు జేన్ గ్రే అను అమెరికను నవలాకారుడు. నవలల వలన వచ్చిన ధనమును ఆయన సముద్రములో ఖర్చుపెట్టెను. హంగరీ నుండి అమెరికాకు వలసవచ్చిన యంత్రకారుడు ఆర్థర్ కొవలోవ్‌స్కీ ఆయనకు రీళ్లు చేసి యిచ్చెను. ఇంగ్లండులోని ఆల్నిక్ పట్టణమున 1872లో వెలసిన హార్డీ సంస్థ, జేన్ గ్రే పేరుతోనే పెద్ద రీలును తయారుచేసెను. 1930లో తాహితీ ద్వీపము వద్ద ఆయన పట్టిన మార్లిన్ చేప, సొరచేపలు కొంత కొరికి తినిన పిమ్మటను, 1,040 పౌండ్లు తూగెను. వేయి పౌండ్లు దాటిన చేప రీలునకు చిక్కుట అదియే మొదలు.

అయితే ఇట్టి రీలు ధనికుల సొత్తు. సామాన్యునకు అందునట్లు చేసినవాడు జర్మనీ నుండి వలసవచ్చిన ఆటో హెంజె. ఆయన 1932లో, ఆర్థికమాంద్యపు గడ్డురోజులలో, ఫిలడెల్ఫియా నగరమున పెన్ సంస్థను నెలకొల్పెను. 1936లో వెలువడిన సెనేటర్ అను రీలు కొద్ది ధరకు గట్టిపని చేయునదని పేరు పొందెను. దాని ప్రక్క పలకలు బేకలైటువి. పాత రేడియోలు గల యిండ్లవారికి బేకలైటును పరిచయము చేయ నవసరము లేదు. రేడియో పెట్టెకు నునుపైన గోధుమరంగు తొడుగైన పదార్థమే సముద్రమున రీలునకు పలకయైనది.

1939లో న్యూయార్కు నగరమున, ప్రకృతి చరిత్ర మ్యూజియములో, అంతర్జాతీయ వేటచేపల సంఘము ఏర్పడెను. మైకేల్ లెర్నర్ అందుకు పూనుకొనిన వారిలో ముఖ్యుడు. చేపను తగిలించుట మొదలు దరికి చేర్చువరకు ఒక్కరే పోరాడవలెను, వేరొకరు కఱ్ఱను గాని, రీలును గాని, త్రాటిని గాని ముట్టరాదు అని వారి కట్టుబాటు. 1953 ఆగస్టు 4వ తేదీన పెరూ దేశపు కాబో బ్లాంకో వద్ద ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ పట్టిన నల్ల మార్లిన్ 1,560 పౌండ్లు, అనగా దాదాపు 708 కిలోలు. ఆ జాతిలో ఆ లెక్కను నేటికిని ఎవ్వరును దాటలేదు.

ఇక త్రాటి సంగతి. ప్రత్తి రైతులకు ఇందులో ఒక విశేషము కలదు. ఆనాటి సముద్రపు గాలపు త్రాడు అవిసె నారతో, అనగా లినెనుతో, పేనబడినది. ఒక్కొక్క పోగు తడిసినప్పుడు 3 పౌండ్లు మోయునని లెక్క. 24 పోగుల త్రాడు 72 పౌండ్లు, 39 పోగుల త్రాడు 117 పౌండ్లు మోయవలెను. తడిసినప్పుడు అని ప్రత్యేకముగా చెప్పుట ఏలయనగా, అవిసె నార తడిసిన కొలది బలమెక్కును. మన ప్రత్తి నూలు గుణమును అదియే. కాని తడిగా విడిచిన రెండును కుళ్లును. కావున వేట ముగిసిన ప్రతిదినమును త్రాటిని కండె నుండి విప్పి, మంచినీట జాడించి, పెద్ద చట్రమునకు చుట్టి ఆరబెట్టవలసి యుండెను. మన తీరమున జాలరులు నూలు వలలను తుమ్మచెక్క మొదలగు బెరడుల కషాయములో ముంచి, ఇసుకపై ఆరబెట్టుకొను పని సరిగా ఇట్టిదే. 1938లో అమెరికాలో నైలాను లోకమునకు ప్రకటింపబడెను. యుద్ధానంతరము అది గాలపు త్రాడైనది. కుళ్లని త్రాడు వచ్చిన పిమ్మట అవిసె త్రాడు కొద్ది యేండ్లలో మాయమయ్యెను.

ఇట్లు మాయమగుచున్న దశలోనే సేకరణ మొదలగును. అమెరికాలో 1985లో స్టీవెన్ వెర్నన్ పాత రీళ్లను గూర్చి ప్రత్యేక గ్రంథము ప్రకటించెను. 1990లో పాత రీళ్లు సేకరించువారు ఒక సంఘముగా ఏర్పడిరి. వారి పని కేవలము డబ్బు పెట్టి కొనుట కాదు. వస్తువును చదువుట. ఆ చదువు ఎట్టిదో కొంచెము చెప్పెదము.

మొదటిది, పదార్థమును గుర్తించుట. వామ్ హోఫ్ సోదరుల రీళ్లకు ప్రక్క పలకలు ఎబొనైటువి, అంచులు జర్మను సిల్వరువి. జర్మను సిల్వరులో వెండి రవ్వంతయు లేదు. అది రాగి, నికెలు, తుత్తునాగముల మిశ్రమము. ఎబొనైటు గంధకముతో గట్టిపరచిన రబ్బరు. రాజమహేంద్రవరమున 1930 దశకము నుండి పేరుపొందిన రత్నం పెన్నులు దీనితో చేయబడినవే. పాత పెన్ను ఎండ తగిలి నలుపు పోయి గోధుమవన్నెకు తిరుగుట మనవారు చూచియుందురు. పాత రీలు పలకయు అట్లే తిరుగును. ఆ వన్నెను చూచి, ఇది చాలకాలము వెలుతురున నుండినదని సేకర్త గ్రహించును.

రెండవది, తేదీని నమ్మకుండుట. ఎడ్వర్డ్ వామ్ హోఫ్ రీళ్లపై 1896, 1902 సంవత్సరముల పేటెంటు తేదీలు చెక్కబడియుండును. క్రొత్తగా సేకరణకు దిగినవాడు 1902 అని చూచి, అది ఆ యేడు చేసిన రీలని సంతసించును. పేటెంటు తేదీ ఊహ పుట్టిన తేదీ గాని వస్తువు పుట్టిన తేదీ కాదు. అదే ముద్రతో ఏండ్ల తరబడి రీళ్లు తయారైనవి. నక్షత్రపు మర ఉన్నదా, పిడి ఆకారమెట్టిది, మరమేకులు మొదటివేనా యని చూచి కాలమును తేల్చవలెను. శాసనములు చదువువారికి లిపిని బట్టి కాలమును తేల్చుట ఎట్టిదో, ఇదియు నట్టిదే.

మూడవది, మిక్కిలి ముఖ్యమైనది, తోమకుండుట. చింతపండుతో ఇత్తడి బిందెను తళతళలాడించుట మనకు పండుగనాటి అలవాటు. పాత రీలును అట్లు తోమినవాడు దాని ఆత్మకథను చెరిపివేసినవాడగును. బొటనవ్రేలు అదిమిన చోట తోలు అరుగుదల, పిడి మీది చెమట మరక, చట్రముపై చెక్కిన యజమాని పేరు, మాడిన తోలుబిళ్ల, ఇవన్నియు సాక్ష్యములు. తోలుపెట్టెతోను, కొన్ననాటి రసీదుతోను దొరకిన రీలునకు ఒంటరి రీలు కంటె ఎంతో విలువ యుండుటకు కారణమిదియే. వస్తువు ఒక్కటియే నిలిచిన అది వింత. దాని కథతో నిలిచిన అది చరిత్ర.

ఈ రీళ్ల వేట మన దేశమునకు బొత్తిగా రానిది కాదు. మద్రాసు సివిల్ సర్వీసులోని హెన్రీ సలివన్ థామస్ 1873లో ప్రకటించిన గ్రంథము భారతదేశమున గాలపు వేటకు మొదటి పెద్ద పుస్తకము. అందు ముఖ్యముగా మహసీరు చేపను గూర్చి వ్రాయబడినది. హార్డీ సంస్థవారి జాబితాలలో మహసీరు వేటకు తగిన సరంజామాయు ఉండెడిది. 1946లో మైసూరు ప్రాంతపు కావేరీ నదీమండలములో వాన్ ఇంజెన్ వంశమువాడొకడు 120 పౌండ్ల మహసీరును పట్టెను. కాని యిది దొరల వినోదము, నదుల వేట. మన సముద్రతీరమున జాలరికి రీలు లేదు. ఆతని తెప్ప మీద గాలపు త్రాడు చెక్కకు చుట్టబడియుండును. చేప పరుగెత్తినప్పుడు త్రాటిని వదలునదియు, ఆగినప్పుడు లాగునదియు ఆతని అరచేయియే. నక్షత్రపు మర చేయు పని ఆతని చర్మము చేయును.

1952లో వెలువడిన హెమింగ్వే నవల, ముసలివాడును సముద్రమును గూర్చినది, లోకప్రసిద్ధము. హెమింగ్వే స్వయముగా ఖరీదైన రీళ్లతో బిమినీ, క్యూబా జలములలో వేటాడిన వాడు. అయినను ఆయన కథానాయకునకు రీలు నీయలేదు. ఆ ముసలివాడు చేతిత్రాటితోనే మార్లిన్‌తో పోరాడును. అరచేతులు కోసికొనిపోవును. ఆ కథలోని మనుష్యుని మన ఓడరేవు ఇసుకపై వెదకిన దొరకును గాని కాటలీనా క్లబ్బులో దొరకడు.

ఆ మార్లిన్ జాతి చేపలు మన జలములలోను కలవు. కోస్తా జాలరులు వానిని కొమ్ముకోనాము అందురు. అది ఎంత ప్రమాదకరమో 2022 ఫిబ్రవరిలో విశాఖ తీరమున తెలియవచ్చెను. పరవాడ ప్రాంతపు జాలరి యొకడు నడిసముద్రమున కొమ్ముకోనాము పొడిచి మరణించెను. పాశ్చాత్య వేటగాడు నేడు అట్టి చేపను పట్టి, గుర్తుబిళ్ల తగిలించి, ప్రాణముతో నీటిలో విడుచుట మేలైన ఆటగా ఎంచుచున్నాడు. మన జాలరికి అది ఆట కాదు, కూడు. కాన ఈ రెండు వేటలను ఒక త్రాసులో తూచుట న్యాయము కాదు. కాని ఒక్క విషయమున మాత్రము పోల్చక తప్పదు.

కాటలీనాలో వాడిన రీలు నేడు అద్దపు బీరువాలో ఉన్నది. ఎవరు చేసిరి, ఎవరు వాడిరి, ఏ చేపను పట్టిరి యని చీటీ కలదు. మన తీరపు నూలువల యెక్కడ? మద్రాసు రాజధాని మత్స్యశాఖకు డైరెక్టరుగా పనిచేసిన జేమ్సు హార్నెల్ 1920 దశకమున కోరమండల తీరపు వలలను, గాలములను, తెప్పలను పరిశీలించి వ్రాసియుంచెను. ఆయన వ్రాత నిలిచినది. 1957లో కొచ్చిలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ నెలకొనిన పిమ్మట, ఆ దశాబ్దమున, తరువాతి దశాబ్దమున నైలాను వలలు ప్రచారమునకు వచ్చెను. జాలరికి అది మేలే. కషాయములు కాచు శ్రమ తప్పినది. వల ఏండ్ల తరబడి మన్నినది. ఆ మేలును కాదనువారము మేము కాము. కాని ఒక్కొక్క వాడలో ఒక్కొక్క నూలువలయైన దాచియుంచవలసిన దని నాడు ఎవరికి తోచినది? కుళ్లిన వల ఇసుకలో కలసినది. దానితో, ఏ వలకు ఎంత కన్ను, ఏ కషాయమునకు ఏ బెరడు అను తెలివియు, ముసలివారితోపాటు పోవుచున్నది.

జాలరులను అనుట దేనికి? మా యింటి సంగతియే చెప్పుకొందుము. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున చీరాల–పేరాల ఉద్యమము జరిగిన ప్రాంతము మాది. నాటి తరువాతి కాలమున ఈ చుట్టుప్రక్కల ఎన్నియో యిండ్లలో రాట్నములు తిరిగినవి. మా యింట అటకపై ఒక రాట్నము ఉండెడిది. ఒక వానకాలమున పుల్లలు తడిసి పొయ్యి రాజకపోగా, చెదలు పట్టిన చెక్క యని దానిని మేమే విరిచి పొయ్యిలో పెట్టితిమి. ఎవరు వడికిరి, కదురు ఏ కమ్మరి చేసెను, ఆ నూలు ఏ మగ్గమునకు పోయెను అని అడుగుటకు అప్పుడు ఇంటిలో పెద్దవారు ఉండిరి. మేము అడుగలేదు. నేడు అడుగుదమన్న వారు లేరు. రీళ్ల సేకర్తలను గూర్చి చదువునప్పుడెల్లను ఆ పొయ్యి మాకు జ్ఞప్తికి వచ్చును.

సేకరణ యనిన ధనికుల పిచ్చి యని కొందరు కొట్టిపారవేయుదురు. వేలాది పౌండ్లు పోసి ఒక హార్డీ రీలును కొనుట పిచ్చియే కావచ్చును. కాని ఆ పిచ్చి లేకున్నచో, కణుపులు చితికిన వేళ్ల నుండి నక్షత్రపు మర వరకు నడచిన త్రోవను మనమెవ్వరమును తెలిసికొనలేకపోయెడివారము. బోషెన్ రీలునకు ముందటి రీలు, తరువాతి రీలు ప్రక్కప్రక్కన ఉంచి చూచిననాడే, మనుష్యుడు బలమునకు ఎదురుబలము చూపుట మాని, జారవిడుచుటలోని నేర్పును ఎట్లు గ్రహించెనో కంటికి కనబడును. పుస్తకము అది చెప్పగలదు గాని, చూపలేదు.

మనకు అద్దపు బీరువాలు అక్కరలేదు. వేల రూపాయలును అక్కరలేదు. పర్చూరు ప్రాంతపు ఏ యింటి అటక మీద చూచినను విత్తులు వేయు గొఱ్ఱు జడ్డిగమో, నేతగాని కండెయో, నూతి గిలకయో, ముల్లు కదలని రేడియో పెట్టెయో దొరకును. దానిని తోమవలదు, రంగు వేయవలదు. ఒక కాగితపు ముక్క మీద, ఇది ఎవరిది, ఎప్పటిది, ఎట్లు వాడిరి అని నాలుగు మాటలు ఇంటి పెద్దల నడిగి వ్రాసి, నూలుదారముతో దానికి కట్టుడు. ఊరి పాఠశాలలో ఒక మూలను అట్టి వస్తువులకై కేటాయించిన మరియు మంచిది. ఆ నాలుగు మాటలు చెప్పగలవారు ఇంకను మన నడుమ ఉన్నారు. వారిని ఈ సాయంకాలమే అడుగవచ్చును.